రోజూ కాళ్ళు సాగదీస్తున్నా గుర్రం బిగుసుకునే ఉంటోంది, ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండీ. మీ గెల్డింగ్‌కు తొమ్మిదేళ్ళు (గెల్డింగ్ అంటే వృషణాలు తీయించిన మగ గుర్రం). ఎడమ వైపు వలయంలో హాయిగా వంగుతాడు, కుడి వైపు తిప్పగానే దుంగలా బిగుసుకుంటాడు. ట్రాట్‌లో, అంటే నడక కంటే వేగమైన రెండు తాళాల పరుగులో, అడుగులు పొట్టిగా, గట్టిగా పడుతున్నాయి. వీడియోలు చూసి నెల రోజులుగా జీను వేసే ముందు నాలుగు కాళ్ళూ ముందుకూ వెనక్కూ లాగుతున్నారు. మార్పు లేదు. ఇంకా ఎక్కువసేపు లాగాలా, ఇంకేమైనా చేయాలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. స్వారీకి ముందు కాళ్ళు లాగడం ఈరోజే ఆపేయండి. దాని బదులు, ఎక్కగానే పది పదిహేను నిమిషాలు వదులు పగ్గంతో మంచి చురుకైన నడక నడిపించండి. స్వారీ అయిపోయి ఒళ్ళు వెచ్చగా ఉన్నప్పుడు క్యారెట్ చూపించి, గుర్రం తనంతట తానే మెడా వెన్నూ వంచేలా చేయించండి. జీను మీద ఉన్నప్పుడు వలయాలు, పక్క అడుగులు, నేల మీద పరిచిన కర్రలు దాటించడం. ఈ మూడింటితో రెండు నెలల్లో తేడా తెలుస్తుంది. అయితే వీటన్నిటికంటే ముందు ఆ కుడి వైపు నొప్పి ఏదీ లేదని పశువైద్యుడి చేత చూపించుకోవాలి. నొప్పి ఉంటే కింద నేను రాసేదేదీ పనికి రాదు.

ఇక ఎందుకో చెప్తాను. బిగుసుకున్న గుర్రాన్ని చూడగానే కండరం పొట్టిగా అయిపోయింది, లాగితే పొడుగవుతుంది అనుకుంటాం. నేనూ మొదటి నాలుగైదేళ్ళు అలాగే అనుకున్నాను. కానీ చల్లగా ఉన్న కండరాన్ని పట్టి లాగితే అది వదులవదు, ఎదురు తిరుగుతుంది. సాగుడు ఎంత వేగంగా జరుగుతోందో కనిపెట్టే సూక్ష్మమైన భాగాలు కండరం లోపల ఉంటాయి. హఠాత్తుగా సాగిందంటే గాయమవుతుందేమోనని వెంటనే బిగించమని కబురు పంపుతాయి. అయినా 500 కిలోల జంతువు కాలును మనం లాగి సాగదీస్తున్నామనుకోవడం మన భ్రమ. అది ఇస్తే కాలు వస్తుంది, ఇవ్వకపోతే రాదు. ఇవ్వడం నేర్పడమే మన పని.

2009లో అచ్చయిన ఒక అధ్యయనంలో గుర్రాలకు ఎనిమిది వారాల పాటు కాళ్ళ సాగదీత చేయించి ట్రాట్‌ను కొలిచి చూశారు. అడుగు పొడవు పెరగలేదు. పైగా వారానికి ఆరు రోజులు సాగదీసిన గుర్రాలకు కొన్ని కీళ్ళ కదలిక తగ్గింది కూడా. ఒక్క అధ్యయనంతో అన్నీ తేలిపోవు గానీ, మీ నెల రోజుల అనుభవం దానికి దగ్గరగానే ఉంది కదా.

కుడి వైపు ఎందుకు వంగడం లేదు అనేదానికి గుర్రం ఒంటి నిర్మాణం కొంచెం తెలియాలి. మెడలో 7 వెన్నుపూసలు, పక్కటెముకలు తగిలి ఉండే వీపు భాగంలో 18, నడుములో మామూలుగా 6. మెడ ఎటు కావాలంటే అటు వంగుతుంది. వీపు మాత్రం పక్కకు చాలా తక్కువ వంగుతుంది. నడుము చివర, కటి ఎముక మొదలయ్యే చోట ఉన్న కీలు వెనక భాగాన్ని కిందకు మడిచే పని చేస్తుంది. ఇక ముందు వైపు గుర్రానికి మనలా మెడ కింది ఎముక లేదు. మొండెం మొత్తం రెండు ముందు కాళ్ళ మధ్య కండరాల ఉయ్యాలలో వేలాడుతూ ఉంటుంది. మనం జీను మీద కూర్చుని 'బాగా వంగాడు' అనుకునేదాంట్లో సగానికి పైగా ఆ ఉయ్యాల పనే. పక్కటెముకల గూడు ఒక పక్కకు జరిగి, బరువు ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదకు మారుతుంది. ముందు కాలు లాగితే ఆ ఉయ్యాల బలపడదు. అందుకే మీకు తేడా కనపడలేదు.

ఇంకో సంగతి. ఎడమకు ఇట్టే వంగి కుడికి వంగని గుర్రానికి అసలు ఇబ్బంది కుడి వైపు ఉందని అందరూ అనుకుంటారు. నిజానికి కుడికి వంగాలంటే ఎడమ పక్క సాగాలి. ఆ ఎడమ పక్క సాగడానికి ఒప్పుకోవడం లేదు. ఎడమకు హాయిగా వంగుతున్నాడని మీరు మెచ్చుకుంటున్నది చాలాసార్లు ఆ పక్క ముడుచుకుని ఉండటమే. దాదాపు ప్రతి గుర్రానికీ మనలో కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం ఉన్నట్టే ఒక వాటం ఉంటుంది. కుడి పగ్గం బరువుగా ఉందని దాన్నే ఇంకా లాగితే మెడ ఒక్కటీ వంగుతుంది, బరువంతా కుడి భుజం మీద అలాగే ఉండిపోతుంది.

నొప్పి సంగతి ముందే అన్నాను గానీ అంత తేలిగ్గా దాటేసేది కాదు. కొన్నేళ్ళ క్రితం నా దగ్గరకు ఒక ఆడ గుర్రం వచ్చింది. ఎడమకు తల తిప్పమంటే చెవులు వెనక్కి వాల్చి పళ్ళు నూరేది. మూడు వారాలు నేను రకరకాల వ్యాయామాలు చేయించాను, మొండిదని తిట్టుకున్నాను కూడా. చివరికి నోరు తెరిచి చూపిస్తే వెనక దవడ పన్ను ఒకటి మొనదేలి బుగ్గ లోపల పుండు చేసింది. పన్ను అరగదీసి పుండు మానాక పది రోజులకే క్యారెట్ కోసం డొక్క దాకా తల తిప్పింది. ఆ మూడు వారాలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. కాబట్టి పళ్ళు, గిట్టలు, జీను, వీపు ఈ నాలుగూ చూపించండి. బిగువు ఉన్నట్టుండి మొదలైనా, జీను జారకుండా పొట్ట కింద కట్టే గర్త్ పట్టీ బిగిస్తుంటే కొరకబోతున్నా, ట్రాట్‌లో తల ఒక అడుగుకు ఎక్కువగా ఎగురుతున్నా ఆ రోజు వ్యాయామం వద్దు. కుంటుతున్న గుర్రాన్ని సాగదీసి బాగుచేద్దామని ఎప్పుడూ అనుకోకండి.

క్యారెట్ వ్యాయామం

నన్నడిగితే నేల మీద చేసే వాటన్నిటిలో దీనికి సాటి లేదు. మనం లాగం, గుర్రమే చేస్తుంది. మెడ వంచి నిలబడాలంటే పొట్ట కండరాలూ వెన్ను పక్కన లోతుగా ఉండే చిన్న కండరాలూ పని చేసి తీరాలి. ఆ చిన్న కండరాలే వెన్నుపూసలను ఒకదానిపై ఒకటి కుదురుగా నిలబెడతాయి. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో ఇవే కదలికలను ఒక్కొక్కటి ఐదేసి సార్లు, వారానికి ఐదు రోజులు, మూడు నెలలు చేయించి స్కాన్ చేస్తే ఆ కండరాలు లావెక్కినట్టు తేలింది. అంటే సాగదీత అని పేరు పెట్టుకున్నాం గానీ, ఇది కండ పెంచే పని.

గుర్రాన్ని చదునైన, జారని నేల మీద నాలుగు కాళ్ళూ సమంగా ఉండేలా నిలబెట్టండి. మొదటి వారం ఒక పక్కన గోడ ఉంటే మంచిది, లేకపోతే క్యారెట్ కోసం గిర్రున తిరుగుతాడు. పొడుగాటి క్యారెట్ తీసుకోండి. బొటనవేలు పోగొట్టుకోబోయిన వాణ్ణి చెబుతున్నాను, ముక్కలు చేసి వేళ్ళతో పట్టుకోవద్దు.

ముందు కిందకు: గడ్డం రొమ్ముకు, తర్వాత ముందు మోకాళ్ళ మధ్యకు, ఆ తర్వాత గిట్టలకు పైన ఉండే కీళ్ళ మధ్యకు. మోకాళ్ళ మధ్యకు వచ్చినప్పుడు వీపు వైపు చూడండి, మూపు వెనక భాగం కాస్త పైకి లేస్తుంది. దాని కోసమే ఇదంతా. తర్వాత పక్కకు: గడ్డం గర్త్ దగ్గరకు, డొక్క దగ్గరకు, చివరికి వెనక కాలి కింది కీలు వైపు. ప్రతిచోటా ఐదారు సెకన్లు ఆగాలి. క్యారెట్‌ను నెమ్మదిగా తీసుకెళ్ళాలి, గుర్రం ముక్కు దాన్ని వెంబడించాలి. లాక్కుని నమిలేస్తే కండరానికి ఏమీ అందదు, పొట్టకు మాత్రం అందుతుంది.

దొంగాటలు ఆడతాయి, కనిపెట్టుకుని ఉండాలి. ముందు మోకాలు వంచేస్తుంది, ఒక అడుగు వెనక్కి వేస్తుంది, అన్నిటికంటే ఎక్కువగా తల మెలిపెడుతుంది. రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉన్నాయా లేదా అన్నది చూడండి. ఒక చెవి కిందకు జారిందంటే మెడ వంగలేదు, తల మెలితిరిగింది. అలాంటప్పుడు అంత దూరం అడగకుండా, చెవులు సమంగా ఉండే చోటే ఆపండి. మీవాడు కుడికి గర్త్ దాకా మాత్రమే వస్తే అక్కడే ఐదు సార్లు. రెండో వారం ఇంకో జానెడు. రెండు పక్కలా ఒకే లెక్క చేయించండి. కష్టమైన వైపు రెట్టింపు చేయించమని చాలామంది చెబుతారు. నాకు అది నచ్చదు. అలసిపోయిన కండరం ఇంకా బిగుస్తుంది, గుర్రానికి ఆ వైపంటే విసుగు పుడుతుంది.

కొరికే అలవాటున్న గుర్రమైతే చేత్తో ఇవ్వకుండా పొడుగాటి గరిటె లాంటి దాంట్లో దాణా చూపించినా సరిపోతుంది. మెడలో కీళ్ళ అరుగుదల ఉన్నవీ, గాయం నుంచి కోలుకుంటున్నవీ డాక్టర్ చెప్పిన హద్దు దాటకూడదు.

దీంతో పాటే రెండు చిన్న పనులు. ముందు కాళ్ళ వెనక, పొట్ట కింద మధ్య గీత మీద వేళ్ళ కొసలతో పైకి నెమ్మదిగా నొక్కితే గుర్రం వీపు పైకెత్తుతుంది. అలాగే తోక మొదలుకు రెండు పక్కలా పిరుదుల మీద వేళ్ళతో కిందకు గీస్తే నడుము లోపలికి మడుస్తుంది. మూడు నాలుగు సార్లు చాలు. ఇష్టం లేని గుర్రం తంతుంది, అందుకని రెండోదానికి ఎప్పుడూ నేరుగా వెనక నిలబడకండి. పక్కగా నిలబడి ఒక్కో వైపు చేస్తూ మొదలుపెట్టండి.

కాళ్ళ సాగదీత పూర్తిగా మానేయాలా అంటే అక్కర్లేదు. స్వారీ తర్వాత, వారానికి రెండు మూడు సార్లు, మెత్తగా. ముందు కాలిని రెండు చేతులతో, మోకాలి వెనకా కింది కీలు వెనకా ఆసరా ఇచ్చి, పైకి కాకుండా కిందుగా ముందుకు తీసుకెళ్ళాలి. గుర్రం భుజం ఒక నిట్టూర్పులా వదిలే క్షణం ఒకటుంటుంది, అక్కడ పది పదిహేను సెకన్లు ఆగి, కాలు నేలకు మనమే దించాలి, వదిలేయకూడదు. వెనక కాలు కూడా అంతే, ముందు గిట్ట వైపు కిందుగా. వెనక కాలును వెనక్కి, పైకి లాగే పని నేను మానేశాను. ఒకసారి ఫోన్ మోగితే అటు చూస్తూ లాగాను, కాలు కొంకర్లు పోయిందేమో, విదిలించుకుంది. తొడ మీద గిట్ట గుర్తు నెల రోజులు ఉంది. తప్పు గుర్రానిది కాదు.

జీను మీద

అసలు మార్పు వచ్చేది ఇక్కడే. జర్మన్ తర్ఫీదు పద్ధతిలో ఆరు మెట్లుంటాయి. మొదటిది లయ, రెండోది లోస్గెలాసెన్‌హైట్ అంటారు. ఒళ్ళూ మనసూ రెండూ వదులుగా ఉండటం అని దాని భావం. పగ్గంతో సంబంధం, ముందుకు తోసే ఊపు, తిన్నదనం, చివరగా ఒంటిని కూడగట్టడం, ఇవన్నీ దాని తర్వాతే. చాలామంది ఆ రెండో మెట్టు ఎక్కకుండానే నాలుగో దాని మీద కాలు పెడతారు. మీవాడి పొట్టి ట్రాట్‌ను కాళ్ళతో తోసి పొడుగు చేయాలని చూస్తే అదే జరుగుతుంది, అడుగు పొడుగవదు, తొందర పెరుగుతుంది.

నడక తర్వాత 20 మీటర్ల వలయంతో మొదలుపెట్టండి, ఎడమ వైపు, అంటే తనకు తేలికైన వైపు. తర్వాత కుడికి మార్చి రెండు వలయాలు, మళ్ళీ ఎడమకు. ఇలా మారుతూ ఉండటమే మందు. పాములా మెలికలు తిరిగే దారి ఇంకా మంచిది, ఒక్కో మెలికలో వంపు మారుతుంది, ఏ వైపు కూడా బిగుసుకునేంత తీరిక దొరకదు.

కుడి వలయంలో భుజం లోపలికి పడిపోతుంటే ఇలా చేయండి. 20 మీటర్ల వలయాన్ని మెల్లగా 14, 15 మీటర్లకు కుదించండి. అక్కడి నుంచి మీ కుడి కాలితో నొక్కి, గుర్రాన్ని ఒక్కో అడుగూ పక్కకు జరుపుతూ మళ్ళీ పెద్ద వలయానికి రండి. కుడి వెనక కాలు పొట్ట కిందకు దాటుతుంది, బరువు ఎడమ భుజం వైపు జరుగుతుంది, ఎడమ పక్క సాగుతుంది. కుడి పగ్గం ఒక్కసారి మెత్తబడుతుంది చూడండి, ఆ క్షణంలో మీ చేయి ముందుకు ఇచ్చి పగ్గం వదులు చేయండి. అక్కడ చేయి ఇవ్వకపోతే గుర్రం వంగినందుకు దానికి దక్కిందేమీ లేదు.

ఇది ట్రాట్‌లో కుదిరాక షోల్డర్ ఇన్. ముందు భుజాలను గోడ వారగా ఉన్న దారి నుంచి కొంచెం లోపలికి తెచ్చి, వెనక కాళ్ళు ఆ దారి మీదే ముందుకు నడిచేలా చేయడం. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన స్వారీ గురువు లా గెరినియేర్ దీన్ని తిన్నని గీత మీద చేయించి స్థిరపరిచాడు. భుజాలు వదులవడానికి ఇంతకంటే మంచి పని ఇప్పటికీ ఎవరూ కనిపెట్టలేదని నా అభిప్రాయం. నాలుగైదు అడుగులతో మొదలుపెట్టండి, గోడ పొడుగునా వద్దు. మెడ ఎక్కువ వంచేస్తే భుజం బయటికి తప్పించుకుంటుంది. మెడ వంపు కొంచమే ఉండాలి, వచ్చేది భుజాలు.

స్వారీ చివర్లో, మధ్యలో కూడా, పగ్గాన్ని కొంచెం కొంచెంగా వదులుతూ ట్రాట్‌లో మెడ ముందుకీ కిందకీ చాపనివ్వండి. చెవుల వెనక నుంచి మూపు దాకా ఒక బలమైన స్నాయువు ఉంటుంది, అదే వెన్ను మీదుగా వెనక్కి సాగుతుంది. తల దిగితే అది బిగిసి వీపును ఎత్తుతుంది. ముక్కు ముందుకే ఉండాలి, గడ్డం రొమ్ముకు తగిలేలా ముడుచుకోకూడదు. నడినెత్తి భుజం ఎత్తుకు వస్తే చాలు, ముక్కు నేల రాయనక్కర్లేదు. ఇది వ్యాయామమే కాదు, పరీక్ష కూడా. పగ్గం ఇచ్చినప్పుడు లయ మారకుండా మెల్లగా దాని వెంట కిందకు వెళ్తే అప్పటిదాకా చేసింది సరైన పని. పగ్గం లాక్కుపోయినా, పరుగు అందుకున్నా, తల ఎత్తేసినా అంతకు ముందు పది నిమిషాల్లో ఎక్కడో మనం బిగించాం.

నేల మీద కర్రల గురించి త్వరగా చెప్పేస్తాను. నడకకు 80, 90 సెంటీమీటర్ల ఎడం, ట్రాట్‌కు 1.2 నుంచి 1.4 మీటర్లు. మీవాడి అడుగు పొట్టిది కాబట్టి ముందు తన అడుగుకు సరిపోయే ఎడం పెట్టండి, తర్వాత వారానికి నాలుగైదు సెంటీమీటర్ల చొప్పున పెంచండి. మొదటి రోజే 1.4 పెడితే కర్రలు తొక్కి భయపడతాడు. ఒక కర్రతో మొదలుపెట్టి మూడుకు వెళ్ళండి. రెండు మాత్రమే పెడితే కొన్ని గుర్రాలు రెంటినీ కలిపి దూకేస్తాయి. తర్వాత ఒక చివర 10, 15 సెంటీమీటర్లు ఎత్తితే పొట్టా నడుమూ ఇంకా పని చేస్తాయి. వారానికి రెండు రోజులు చాలు, మరీ ఎక్కువైతే కండరాలు నొప్పులు పుట్టి మళ్ళీ మొదటికి వస్తాం.

ఒక మాట అడగక తప్పదు, మీ సంగతేమిటి? నా సొంత గుర్రం ఒకటి రెండేళ్ళు కుడికి వంగలేదు. అన్నీ చేశాను. ఒకరోజు నా శిష్యురాలు దాన్ని ఎక్కితే వెన్నలా వంగింది. వీడియో తీయించి చూసుకుంటే నేను ఎడమకు ఒరిగి కూర్చుంటున్నాను, నా ఎడమ రికాబు తోలు కుడిదానికంటే ఒక రంధ్రం మేర సాగిపోయి ఉంది. రెండేళ్ళు గుర్రానికి పెట్టిన వ్యాయామాలు నాకు పెట్టుకోవాల్సింది. మీ రికాబులు కొలిచి చూడండి, వెనక నుంచి ఒక వీడియో తీయించుకోండి.

మార్పు వచ్చిందో లేదో కంటితో తేల్చుకోవద్దు, రోజూ చూసే కంటికి ఏమీ కనపడదు. తిన్నని దారిలో 20 మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టి, ట్రాట్‌లో ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెట్టి రాసుకోండి. రెండు వారాలకోసారి అదే నేల మీద మళ్ళీ లెక్కపెట్టండి. లయ అదే ఉండి అడుగులు ఒకటి రెండు తగ్గితే అడుగు పొడుగైనట్టు. మొదటి మూడు వారాలు ఏమీ మారకపోయినా ఆపకండి, నా అనుభవంలో ఆరో వారం చుట్టుపక్కల ఒకేసారి తెలుస్తుంది. ఎనిమిది వారాలకు కూడా కుడి ఎడమల తేడా అణువంత కూడా తగ్గకపోతే మళ్ళీ డాక్టర్ దగ్గరకే, ఈసారి నడుము, వెనక కాళ్ళ కీళ్ళు ప్రత్యేకంగా చూడమనండి.

మీరు రాయనిది ఒకటుంది. గిట్టలు చివరిసారి చెక్కించి ఎన్ని వారాలైంది? ఎనిమిది వారాలు దాటి ఉంటే, గిట్ట ముందు భాగం పెరిగిపోయి అడుగు ఆలస్యంగా లేస్తుంది, ట్రాట్ పొట్టిగా, తడబడుతున్నట్టుగా కనిపిస్తుంది. ముందు అది చేయించి, వారం ఆగి, 20 మీటర్ల లెక్క అప్పుడు మొదలుపెట్టండి.